క్యాటపుల్ట్ ఒకసారి 3 మీటర్లు, ఇంకోసారి 2 మీటర్లు విసురుతోంది. రబ్బర్లు పెంచాలా?

ప్రశ్న

స్టూడెంట్ రోబోటిక్స్ పోటీకి నలుగురం కలిసి క్యాటపుల్ట్ (బంతిని విసిరే యంత్రం) చేస్తున్నాం. 60 గ్రాముల బంతి, 3 మీటర్ల దూరంలో బుట్ట, బంతి చేతిని వదిలే ఎత్తు, బుట్ట ఎత్తు దాదాపు ఒకటే. చేయి 30 సెంటీమీటర్ల అల్యూమినియం ఛానల్, బరువు 150 గ్రాములు. రబ్బరు బ్యాండ్లు ముందుకు లాగుతాయి, మోటారు స్లిప్ గేర్‌తో, అంటే కొన్ని పళ్లు కోసేసి, పళ్లు లేని చోటు రాగానే చేయిని వదిలేసే గేరుతో, వెనక్కి తిప్పుతుంది. చేయిని ఆపడానికి విడిగా ఏమీ పెట్టలేదు, రబ్బర్లు వదులయ్యాక అదే ఆగిపోతుంది. ఒకసారి సరిగ్గా బుట్టలో పడుతుంది, తర్వాతిది 2 మీటర్లకే పడిపోతుంది. దీనికి తోడు బిగించి ఉంచితే మోటారు కాలిపోతోంది. ఇంకో నాలుగు రబ్బర్లు వేద్దామని మావాళ్లు అంటున్నారు, నాకైతే నమ్మకం లేదు. పోటీ దగ్గరపడుతోంది, చాలా టెన్షన్‌గా ఉంది.

1వ జవాబు

రబ్బర్లు పెంచకండి. 45 డిగ్రీల్లో వదిలితే 3 మీటర్లకు కావలసిన వేగం సెకనుకు 5.4 మీటర్లే, ఆ వేగం బంతికి ఇవ్వడానికి 0.9 జౌల్ చాలు. బంతితో పాటు చేయి కూడా కదలాలి కాబట్టి, మీ 150 గ్రాముల చేయి అంటే కొనలో ఇంకో 50 గ్రాములు కట్టినట్టే, మొత్తం 1.6 జౌల్స్ అవుతుంది. రాపిడికి పోయేది కూడా కలిపి 3 జౌల్స్ అనుకోండి. ఇప్పటికే ఒక్కోసారి బుట్టదాకా వెళ్తోందంటే మీ దగ్గర శక్తి ఉన్నట్టే.

లేనిది హార్డ్ స్టాప్, అంటే చేయి వచ్చి తగిలి ఆగే అడ్డు. బంతి చేయికి లంబంగా వెళ్తుంది, కాబట్టి చేయి నిట్టనిలువుగా అయ్యాక వదిలితే నేలకు సమాంతరంగా పోతుంది. 45 డిగ్రీలు కావాలంటే నిలువుకి 45 డిగ్రీల ముందే చేయి గట్టిగా ఆగాలి. అదే వేగంతో 40 డిగ్రీల్లో వదిలినా దూరం 2 శాతం కూడా తగ్గదు, కానీ 20 డిగ్రీలకు పడిపోతే 3 మీటర్లది 1.9 అవుతుంది. మీ 2 మీటర్ల షాట్లు ఇవే అని నా అనుమానం. ఆపే చోట ఒక అడ్డకడ్డీ వేసి దానికి మందపాటి రబ్బరు ముక్క అంటించండి, లేకపోతే దెబ్బలకు ఛానల్ వంగుతుంది.

2వ జవాబు

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను, నేను మోటారు సంగతి చెప్తాను. చేయి విసిరేది సెకనులో పదో వంతులో, అదే 3 జౌల్స్ మోటారు నేరుగా ఇవ్వాలంటే 30 వాట్లు కావాలి. నిదానంగా ఒక సెకను పాటు రబ్బర్లలోకి ఎక్కిస్తే 3 వాట్లు చాలు, క్యాటపుల్ట్ లాభమంతా అందులోనే ఉంది. కానీ బిగించాక మోటారు కరెంటుతోనే పట్టి ఉంచితే అది తిరగకుండానే వేడెక్కుతుంది. స్లిప్ గేర్ ఇరుసుకి రాచెట్ (ఒకవైపే తిరగనిచ్చే పళ్ల చక్రం) పెట్టండి, ఆ భారం దాని మీదికి పోతుంది. చివరి పన్ను వదలడానికి కాస్త ముందు మోటారు ఆగేలా లిమిట్ స్విచ్ (కదిలే భాగం వచ్చి తగలగానే నొక్కుకునే స్విచ్) కూడా ఉండాలి.

స్లిప్ గేర్‌లో 60 పళ్లుంటే ఒక్కో పన్నుకి 6 డిగ్రీలు. చేయి వైపు కూడా అదే సైజు గేరైతే 70 డిగ్రీల కదలికకు 12 పళ్లు ఉంచి మిగతావి కోసేయాలి. జాగ్రత్త అంతా మొదటి పన్ను దగ్గరే, చేయి ఇంకా ఊగుతుండగా అది వచ్చి తగిలితే విరుగుతుంది. హార్డ్ స్టాప్ పెడితే ఈ బాధ కూడా చాలావరకు తగ్గుతుంది.

2014 ఎఫ్‌ఆర్‌సీ (హైస్కూల్ విద్యార్థుల రోబోటిక్స్) పోటీలో 24 అంగుళాల బంతులు విసరడానికి చాలా టీములు క్యాటపుల్ట్‌లే చేశాయి. వాటిలో చూచూ లింకేజ్ అనేది చూడండి. క్రాంకు (మోటారు తిప్పే పొట్టి కడ్డీ), లింకు (దాన్ని చేయికి కలిపే కడ్డీ) ఒకే గీత మీదికి వచ్చినప్పుడు లాగుడంతా ఇరుసు మీదికి పోతుంది, మోటారుకి బరువే తెలియదు, ఆ గీత కొంచెం దాటగానే చేయి వదిలేస్తుంది. పళ్లు కోసే పని కూడా ఉండదు.

3వ జవాబు

ఏదైనా మార్చేముందు పది షాట్లు వేసి ప్రతి బంతి పడిన చోట నేల మీద గుర్తు పెట్టండి. గుర్తులు ముందూ వెనకా చెదిరితే కోణమో రబ్బరో కారణం, పక్కలకు చెదిరితే ఇరుసు దగ్గర చేయి వదులుగా ఊగుతోందని. ఫోన్‌లో స్లో మోషన్ తీస్తే బంతి ఎక్కడ వదులుతోందో కంటికే కనిపిస్తుంది.

రబ్బరుని లాగి ఉంచితే సాగిపోయి పట్టు తగ్గుతుంది, పంగలకర్రతో ఆడినవాళ్లకి ఇది తెలుసు. అందుకే ప్రతిసారీ ఒకేలా బిగించి, ఒకే సమయం ఆగి వదలండి, రబ్బర్లు మారిస్తే అన్నీ ఒకేసారి మార్చండి. చేయి కొనలో బంతి పెట్టే గిన్నెలో అది దొర్లకుండా మూడు చోట్ల ఆనేలా చేయండి. మీ చేతులు లోపల పెట్టేటప్పుడు క్యాటపుల్ట్ చేయికి అడ్డంగా పిన్ను తప్పనిసరి, కళ్లద్దాలు కూడా. ఈ ఒక్క విషయంలో దయచేసి రాజీపడకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్. గుర్తులన్నీ ముందూ వెనకే చెదిరాయి, పక్కలకు అసలు లేవు. వీడియోలో చూస్తే తప్పిన షాట్లన్నిటిలో చేయి దాదాపు నిలువుగా అయ్యాకే బంతి వదులుతోంది. అడ్డకడ్డీ వేశాం, రబ్బర్లు ఒక్కటి కూడా పెంచలేదు, పదిలో ఎనిమిది బుట్టలో పడ్డాయి. పిన్ను కూడా పెట్టేశాం. మోటారు మాత్రం ఇంకా వేడెక్కుతోంది, రేపు రాచెట్ బిగించి మొదటి పన్ను ఎలా ఉందో చూసి ఇక్కడే రాస్తాను.