వరద బాధితుల దగ్గరికి వెళ్లేవారు ఎలా మెలగాలి? మీ అనుభవాలు చెప్పండి

కృష్ణాతీరం: మా కాలనీ కుర్రాళ్లు సహాయక పనులకు సిద్ధమవుతున్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచిన విజయవాడలోనూ, మున్నేరు ముంచిన ఖమ్మంలోనూ ఉన్నవారు చెప్పండి. ఏ సామాను తీసుకెళ్లాలో తెలుసు, మనుషులతో ఎలా ఉండాలన్నదే ప్రశ్న.

సింగ్‌నగర్ గృహిణి: మాది విజయవాడే. కింది ఇల్లు మునిగిపోతే మేడ మీద తలదాచుకున్నాం. పులిహోర పొట్లాలు పడవల్లో వచ్చాయి, కొన్ని వీధులకు డ్రోన్లూ తెచ్చాయి. తాగునీటికీ, పాలపొడికీ మాత్రం అల్లాడిపోయాం. ఫోన్లు ఆగిపోయి, మేం బతికున్నామో లేదో బంధువులకు తెలియదు. పడవ మీద వచ్చిన ఒక అబ్బాయి "ఎవరికైనా కబురు చెప్పాలా పిన్నిగారూ?" అని అడిగి, మా అక్క నంబరు రాసుకున్నాడు. ఆ సాయంత్రమే ఆమెకు ఫోను చేశాడట. మీ కుర్రాళ్ల జేబులో ఒక పెన్ను, చిన్న పుస్తకం ఉండాలి.

ఖమ్మం మాస్టారు: దుప్పటి చేతిలో పెడుతూ "ఇటు చూడమ్మా" అని ఫొటో తీయడం ఆపించండి. నా కళ్ల ముందే ఒక పెద్దాయన వరుసలోంచి ఖాళీ చేతులతో వెళ్లిపోయారు.

కృష్ణాతీరం: దాతలకు లెక్క చూపాలి కదా మాస్టారూ?

ఖమ్మం మాస్టారు: మూటలను తీయండి, లారీని తీయండి, బిల్లులు పెట్టండి. తీసుకునేవారి ముఖం దేనికి?

మానసిక ఆరోగ్య కార్యకర్త: "ప్రాణాలు దక్కాయి, అదే పదివేలు" అనే ఓదార్పు వద్దు. మీ ఎదుట ఉన్న ఆమె ఏడుస్తున్నది నీళ్లపాలైన కుట్టుమిషను కోసం కావచ్చు. నెల గడిచేది దానితోనే. పక్కన కూర్చుని వినండి. చెప్పకపోతే గుచ్చిగుచ్చి అడగవద్దు. జరిగినదంతా పూసగుచ్చినట్లు చెప్పించడం మేలు చేయదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటుంది. ముందు గమనించడం, తర్వాత వినడం, ఆపైన కావలసిన సాయం అందేచోటికి చేర్చడం అన్నదే వారు నేర్పే పద్ధతి. వారాలు గడిచినా నిద్ర పట్టకపోతే, వాన చప్పుడుకే పిల్లలు వణికిపోతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు ఫోను చేయించండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

సింగ్‌నగర్ గృహిణి: ఇంకొకటి. నీళ్లు ఉన్నప్పుడు వచ్చినంత మంది, తీశాక రారు. అసలు చాకిరీ అప్పుడే మొదలవుతుంది. ఇళ్లు కడగడానికి అగ్నిమాపక యంత్రాలు వచ్చాయి గానీ, మంచం కిందా బీరువా వెనకా పేరుకున్న బురద తీయడానికి మనుషులే కావాలి. కింది అంతస్తు మునిగినవారికి ప్రభుత్వం 25,000 రూపాయలు ప్రకటించింది. ఆ జాబితాలో పేరు ఉందో లేదో చూసుకోవడానికి, తడిసిన ఆధార్, పాసుపుస్తకాలు పట్టుకుని తిరగడానికి ముసలివారికి తోడు కావాలి.

కృష్ణాతీరం: అయితే సగం మందిని రెండో వారానికి అట్టిపెడతాను. ఆడవారికి ఏమైనా ప్రత్యేకంగా?

సింగ్‌నగర్ గృహిణి: నైటీలు, కొత్త లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు. పంచేది ఆడపిల్లలైతే అడగడానికి మొహమాటం ఉండదు. పాత చీరల మూటలు మాత్రం తేవద్దు, ఆరేసుకోవడానికే చోటు ఉండదు.