దుబాయ్‌లో బండ్లు, మిషన్లు కడిగే పనికి వస్తున్నా, సలహా చెప్పండి

జగిత్యాల నుంచి ప్రశ్న:

అన్నలందరికీ నమస్తే. నేను టెన్త్ పాస్ కాలేదు, పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంది, అంటే పనికి విదేశం వెళ్లాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి. దుబాయ్‌లో మిషన్లు కిరాయికిచ్చే కంపెనీలో క్లీనర్ పని ఉందని ఏజెంటు చెప్పాడు. జేసీబీలు, క్రేన్లు, కంపెనీ కార్లు కడగాలట. ముందు విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడ కంపెనీ వీసాకి మారుస్తారు అంటున్నాడు. సాయంత్రం పూట బిల్డింగుల్లో కార్లు కడిగితే పైన ఇంకో జీతం వస్తుందని మా ఊరి పిల్లలు అంటున్నారు. నిజమేనా? పని ఎట్లా ఉంటుంది?

దుబాయ్ నుంచి జవాబు:

తమ్ముడూ, విజిట్ వీసా మీద మాత్రం రావద్దు. ఆ వీసాతో పని చేస్తే ఇక్కడి చట్టం ప్రకారం తప్పు. జీతం ఇవ్వకపోయినా గట్టిగా అడగలేవు. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు పని వీసాతో, ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ సైట్‌లో రిజిస్టర్ అయి, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (ఆ ప్రభుత్వ అనుమతి) తీసుకుని రావాలి. అప్పుడే ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా వర్తిస్తుంది. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల బీమా అది. ఏజెంటుకు లైసెన్స్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైట్‌లోనే చూడొచ్చు. లైసెన్స్ ఉన్న ఏజెంటు కూడా 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. వీసా ఖర్చు కంపెనీదే. లక్షల్లో అడుగుతుంటే అక్కడే ఆగిపో. తెలంగాణ ప్రభుత్వానికి విదేశాల్లో పనులకు పంపే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది, అప్పు చేసే ముందు అక్కడ ఒకసారి కనుక్కో.

బిల్డింగుల్లో కార్ల సంగతి. ఆ డబ్బు నిజమే, చేసేవాళ్లూ ఉన్నారు. కానీ నీ పని పర్మిట్ ఏ కంపెనీ పేరు మీద ఉంటే వాళ్ల దగ్గరే పని చేయాలి. పక్క పని చేయాలంటే దానికి కార్మిక శాఖ నుంచి పార్ట్‌టైమ్ పర్మిట్ వేరే ఉంటుంది. అది లేకుండా బకెట్ పట్టుకుని దొరికితే జరిమానాతో పోదు, దేశం నుంచే పంపించేయొచ్చు. ఇంటి దగ్గర అప్పు అట్లాగే ఉంటుంది. మొదటి ఏడాది ఆ ఆలోచనే పెట్టుకోకు.

ఇక పని. చాలామంది దీన్ని ఏ నైపుణ్యం అక్కర్లేని పని అనుకుంటారు, నేను ఒప్పుకోను. ఇక్కడ కారు మీద ఉండేది మామూలు దుమ్ము కాదు, సన్న ఇసుక. పొడి గుడ్డతో తుడిచావంటే పెయింట్ మీద సన్నటి గీతలు పడతాయి, ఎండలో అవి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ముందు నీళ్లతో ఇసుకంతా దిగిపోవాలి, తర్వాతే శాంపూ, అదీ పైనుంచి కిందికి. చక్రాల బకెట్, గుడ్డ వేరుగా పెట్టుకో. కింద పడ్డ మైక్రోఫైబర్ గుడ్డను ఉతక్కుండా కారు మీద పెట్టొద్దు. బానెట్ కాలుతుంటే శాంపూ వేయకు, ఎండిపోయి మరకలు కడతాయి. నీడలోకి తెప్పించి, వేడి తగ్గాక కడుగు.

అన్నిటికంటే నాకు భయం సీసాలంటే. చక్రాలు తెల్లగా మెరిసేలా చేసే మందుల్లో కొన్నింట్లో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది. చర్మం మీద పడగానే మంట తెలియకపోవచ్చు, కొన్ని గంటల తర్వాత నొప్పి మొదలవుతుంది, ఎముక దాకా పోతుంది. పడిందని అనుమానం వస్తే వెంటనే ధారగా నీళ్లు పోసుకుంటూ ఆసుపత్రికి తీసుకెళ్లమను, సీసా కూడా వెంట తీసుకెళ్లు. సాయంత్రం చూద్దాం అనుకోవద్దు. యాసిడ్‌ని బ్లీచింగ్‌తో ఎప్పుడూ కలపకు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. లేబుల్ లేని సీసా, నీళ్ల బాటిల్లో పోసిపెట్టిన మందు ముట్టుకోకు. గ్లౌజులు, కళ్లద్దాలు, బూట్లు కంపెనీ ఇవ్వాలి. ఇవ్వకపోతే అడుగు, సిగ్గుపడొద్దు.

ఎండ గురించి కూడా. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో, బయట పని చేయించకూడదు. షెడ్డులో కడిగేవాళ్లకు ఆ విరామం ఉండకపోవచ్చు, కానీ రేకుల షెడ్డు లోపల ఉక్క తక్కువేమీ కాదు. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగుతుండు.

అబుదాబి, ముసఫ్ఫా నుంచి ఇంకో జవాబు:

అన్న చెప్పింది కరెక్ట్. నేను మిషన్ల యార్డులో ఉంటాను కాబట్టి ఆ వైపు చెప్తాను. కడగడానికి ఎక్కే ముందు ఇంజన్ ఆపి, తాళం తీయించి, మిషన్‌కి ఉండే మట్టి తవ్వే బకెట్‌ని నేలకు దింపించు. ఆపరేటర్ నిన్ను చూశాడో లేదో అనే అనుమానం ఉంటే ఎక్కకు. ఇక్కడ ఎక్కువ దెబ్బలు జారిపడి తగులుతాయి. గ్రీజు, సబ్బు కలిస్తే ఇనుప మెట్లు నూనె పూసినట్టే ఉంటాయి. ప్రెషర్ గన్‌ని చేతికి, కాలికి, తోటివాడి వైపు సరదాకి కూడా పెట్టొద్దు. ఆ ధార చర్మంలోకి దిగితే పైకి చిన్న చిల్లే కనిపిస్తుంది, లోపల కండ పాడవుతుంది, ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. రేడియేటర్ రెక్కల మీద, కరెంటు వైర్ల మీద దగ్గర నుంచి కొట్టకు. కాంక్రీటు మిక్సర్ డ్రమ్ములోకి, ట్యాంకరు లోపలికి దిగమంటే పర్మిట్, గాలి పరీక్ష, బయట కాపలా మనిషి, ఈ మూడూ లేకుండా దిగవద్దు. ఫోర్‌మన్ అరిచినా సరే.

జగిత్యాల నుంచి:

థాంక్స్ అన్నా. ఏజెంటుకు విజిట్ వీసా వద్దని చెప్పేశాను. కంపెనీ నుంచి ఆఫర్ లెటర్ తెప్పిస్తానన్నాడు. అందులో ఏం చూడాలి?

దుబాయ్ నుంచి:

మంచి పని చేశావు. బేసిక్, అంటే అలవెన్సులు కలపని అసలు జీతం, ఎంతో చూడు. మొత్తం జీతం బాగానే కనిపిస్తుంది, కానీ అందులో సగం అలవెన్సులే ఉంటే ఓటీ (అదనపు గంటల డబ్బు) తగ్గుతుంది, వెళ్లిపోయేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ కూడా తగ్గుతుంది, రెండింటికీ లెక్క బేసిక్ మీదే. రోజుకు 8 గంటలు, వారానికి 48. ఆపైన చేస్తే గంటకు కనీసం 25 శాతం కలిపి ఇవ్వాలి. ప్రొబేషన్, అంటే మొదట్లో నీ పని చూసే కాలం, ఆరు నెలలకు మించకూడదు. పాస్‌పోర్టు నీ దగ్గరే ఉండాలి, కంపెనీ దాచుకోకూడదు. ఆఫర్ లెటర్ హిందీలో, ఉర్దూలో కూడా ఇస్తారు, నీకు చదవడం వచ్చిన భాషలో అడుగు. వచ్చాక ఏ ఇబ్బంది అయినా 800 46342కి ఫోన్ చెయ్యి, అది మన కాన్సులేట్ వాళ్ల సహాయ కేంద్రం, కాల్ ఉచితం. లెటర్ రాగానే పేరు, నంబర్లు కనబడకుండా ఫొటో తీసి ఇక్కడ పెట్టు, సంతకం చేసే ముందు అందరం చూస్తాం.