అప్‌డేట్: ఆగితే కారు వేడెక్కడం - కారణం దొరికింది
అనంతపురం గడియారస్తంభం దగ్గర రద్దీలో ఆగితే చాలు కారు ఉష్ణోగ్రత ముల్లు పైకి పోతోందని, గుత్తి వైపు 44వ జాతీయ రహదారి ఎక్కగానే దిగుతోందని, నేనే చూసుకోవాలా, మెకానిక్‌కు ఇవ్వాలా అని కిందటి నెల అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

ఇంజన్ నడుస్తుండగా ఏసీ వేసి రేడియేటర్ ఫ్యాను తిరుగుతుందో లేదో చూడమన్న సలహాయే దారి చూపింది. అది తిరగలేదు. ఫ్యూజు బాగానే ఉంది. రిలే (ఫ్యానుకు కరెంటు కలిపే స్విచ్) తీసి, అదే రకం హారన్ రిలే పెట్టినా కదలలేదు. అక్కడితో నా పని ఆపి మెకానిక్‌కు అప్పగించాను. ఆయన ఫ్యాను మోటారుకు నేరుగా బ్యాటరీ కరెంటు ఇచ్చి పరీక్షించి, లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లు అరిగిపోయాయని తేల్చారు. మోటారు మార్చాక ఎండలో ఏసీ వేసి అరగంట నిలబెట్టినా ముల్లు సగం దాటలేదు.

ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం (కూలెంట్) రేడియేటర్‌కు వెళ్లడాన్ని అదుపు చేసే థర్మోస్టాట్‌కు, దాన్ని తిప్పే వాటర్ పంపుకు దీనితో సంబంధం లేదు. వేగంగా వెళ్లేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరిచేది, అందుకే రహదారిపై లోపం కనిపించలేదు. నేను తొందరపడి కూలెంట్ మార్చడం వృథా ఖర్చు.

ఇంజన్ వేడిగా ఉండగానే రేడియేటర్ మూత తీయమని ఒకరు రాశారు. దయచేసి ఎవరూ అలా చేయకండి, ఒత్తిడిలో ఉన్న మరిగే నీరు ముఖం మీదికి చిమ్ముతుంది.