పస్తుంటే కణాలు శుభ్రపడి ముసలితనం ఆగుతుందా?

ఆమదాలవలస మాస్టారు: కణంలో పాడైన ప్రోటీన్లను వదిలించడానికి రెండు ఏర్పాట్లున్నాయి. యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ ముద్ర పడిన ప్రోటీన్‌ను ప్రోటియాజోమ్ అనే కణయంత్రం ముక్కలు చేస్తుంది. పెద్ద చెత్తను మూటగట్టి, దాన్ని కరిగించే లైసోజోము అనే సంచికి చేర్చడం ఆటోఫజీ. వయసు మీదపడేకొద్దీ రెండూ మందగిస్తాయి, చెత్త పేరుకుంటుంది. ఆకలి ఆటోఫజీని మేల్కొలుపుతుంది. ఆ గుట్టు విప్పినందుకే జపాన్ శాస్త్రవేత్త యొషినోరి ఒసుమికి 2016లో నోబెల్ ఇచ్చారు. మన ఏకాదశి ఉపవాసం ఊరికే పుట్టలేదు.

కవిటి కొబ్బరితోట: ఒసుమి పస్తు పెట్టింది ఈస్టును, మనిషిని కాదు.

ఆమదాలవలస మాస్టారు: ఈస్టులో దొరికిన జన్యువులకు సాటివి మనలోనూ ఉన్నాయి. ఆటోఫజీ చురుగ్గా సాగేలా జన్యువు మార్చిన ఎలుకలు ఎక్కువ కాలం బతికాయని 2018లో తేలింది.

కవిటి కొబ్బరితోట: మార్చింది జన్యువు. తిండి మానిపించలేదు. ఈస్టు సంగతైనా పూర్తిగా చెప్పండి. ఈస్టులో లైసోజోము పని చేసే సంచి రిక్తిక. ఆయన తీసుకున్న ఈస్టు రిక్తికలో ప్రోటీన్లను విరగ్గొట్టే ఎంజైములు లేవు. ఆకలి మొదలైన కొన్ని గంటలకే మూటలు వచ్చి అందులో కుప్పపడ్డాయి. కరగలేదు కాబట్టే సూక్ష్మదర్శినిలో కనబడ్డాయి. అంటే మూట కట్టినంత మాత్రాన చెత్త పోదు. ముసలివారి లైసోజోములు నీరసిస్తాయని మీరే అంటున్నారు కదా!

విజయనగరం వాసి: మా అమ్మమ్మకు తొంభై దాటాయి. ఒక్క పూట కూడా తిండి మానలేదు.

ఆమదాలవలస మాస్టారు: మళ్లీ ఈస్టేనా? ముప్ఫై ఏళ్లు జీవశాస్త్రం చెప్పినవాణ్ణి. నాకు పాఠం చెప్పకండి.

కవిటి కొబ్బరితోట: పాఠం కాదు మాస్టారూ. మాది ఉద్దానం. మా నాన్నకు కిడ్నీ జబ్బు. ఇలాంటి ప్రసంగమే విని మూడు రోజులు పస్తున్నారు, నీళ్లు కూడా ముట్టలేదు. నాలుగో రోజు తెల్లవారుజామున చెంబు దొర్లిన చప్పుడైతే లేచాను. గుమ్మం పట్టుకుని జారిపోతున్నారు. ఆ వారంలోనే డయాలసిస్ మొదలైంది. నోబెల్ అన్న ఒక్క మాటకు నమ్మేశారాయన.

ఆమదాలవలస మాస్టారు: బాబూ, ఆ సంగతి నాకు తెలియదు. మా అక్కకు అల్జీమర్స్. మెదడులో ప్రోటీన్లు గడ్డకట్టాయి. నన్ను పట్టుకుని ‘మీరెవరండీ’ అని అడుగుతుంది. మన చేతిలో ఏదో ఒకటి ఉందని నమ్మకపోతే నాకు రాత్రులు గడవవు. పేరుకున్న చెత్తే ముసలితనానికి మూలమన్న మాట మాత్రం వదులుకోను.

కవిటి కొబ్బరితోట: మూలమో, ఫలితమో ఇంకా తేలలేదనే నా వాదన. దాని గురించి ఎంతసేపైనా మాట్లాడదాం. ముందు కిడ్నీ, షుగరు రోగులు వైద్యుణ్ణి అడగకుండా పస్తుండకూడదని మీ మొదటి పోస్టులో చేర్చండి. ఇంత కిందిదాకా మా ఊళ్లో ఎవరూ చదవరు.