పెసలు, ఉప్పునీళ్లు: ఇందులో కంట్రోల్ ఏది?

చంపావతి గట్టు (విజయనగరం జిల్లా) అడిగిన ప్రశ్న:

8వ తరగతి పిల్లలు మండల సైన్స్ ప్రదర్శనకి ఒక ప్రయోగం తయారుచేస్తున్నారు. "ఉప్పునీళ్లలో పెసలు మొలకెత్తుతాయా?" అన్నది ప్రశ్న. పూసపాటిరేగ దగ్గర చింతపల్లి తీరం నుంచి సీసాలో తెచ్చిన సముద్రపు నీళ్లు ఒక గ్లాసులో, బడి బోరు నీళ్లు ఇంకో గ్లాసులో పోసి, రెండింట్లోనూ గుప్పెడేసి పెసలు వేశారు. మూడో రోజుకి సముద్రపు నీళ్లలో ఒక్కటీ మొలవలేదు. బోరు నీళ్లలో కొన్ని మొలిచాయి, కొన్ని కుళ్లి వాసనొచ్చాయి. బోరు నీళ్ల గ్లాసే కంట్రోల్ అని చార్టు మీద రాశారు.

ఇది సరైన కంట్రోలేనా? ఇంకొకటి, "నియంత్రణ" (కంట్రోల్), "నియంత్రిత చరరాశి" రెండూ ఒకటేనా అని పిల్లలు అడుగుతున్నారు, వాళ్లకి తేలిగ్గా ఎలా చెప్పాలి? బడిలో ఉన్నవి 1 గ్రాము దాకా చూపే వంటింటి కాటా, 10 మిల్లీలీటర్ల సిరంజీలు, లీటరు కొలపాత్ర. వీటితోనే సరిగ్గా చేయించే పద్ధతి చెప్పగలరా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

మాస్టారూ, ముందు మాటల చిక్కు చూద్దాం. రెండు మాటల్లోనూ "నియంత్ర" ఉండటం వల్ల వచ్చిన తికమక ఇది. నియంత్రిత చరరాశులంటే అన్ని డబ్బాల్లోనూ ఒకేలా ఉంచాల్సిన సంగతులు. గింజల రకం, వాటి లెక్క, పోసే నీళ్ల కొలత, డబ్బా సైజు, పెట్టే చోటు, అన్నీ అందులోకే వస్తాయి. కంట్రోల్ అలా కాదు, అది ఒక డబ్బా. మనం పరీక్షిస్తున్న ఆ ఒక్కటీ తప్ప మిగతావన్నీ జరిగిన డబ్బా. పిల్లలతో మొదటివాటిని "కదపనివి" అనీ, రెండోదాన్ని "పోలిక డబ్బా" అనీ అనిపించండి. స్వతంత్ర చరరాశి "మనం మార్చేది", ఆధారిత చరరాశి "మనం లెక్కపెట్టేది". పరీక్ష పేపర్లో పుస్తకం మాటలే రాయాలి గానీ, బల్ల దగ్గర ఈ నాలుగు మాటలతో పని జరిగిపోతుంది.

ఇక బోరు నీళ్ల గ్లాసు కంట్రోల్ కాదు. సముద్రపు నీళ్లకీ బోరు నీళ్లకీ తేడా ఉప్పొక్కటే అయితే కదా! సముద్రపు నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. మామూలు ఉప్పుతోపాటు మెగ్నీషియం, సల్ఫేటు, కాల్షియం, పొటాషియం కూడా వాటిలో ఉన్నాయి. సీసాలో నిలవున్న నీళ్లలో సూక్ష్మజీవులు వేరు. బోరు నీళ్ల లవణాలు బోరు నీళ్లవి. కాబట్టి పిల్లలు "సముద్రపు నీళ్లలో మొలవలేదు" అనొచ్చు గానీ, "ఉప్పు వల్ల మొలవలేదు" అనడానికి ఆధారం లేదు.

దానికి తోడు, గుప్పెడు గింజలు గ్లాసు నీళ్లలో మునిగిపోయాయి. మొలకెత్తే గింజ గాలి పీలుస్తుంది, నీళ్ల అడుగున దానికి ఆక్సిజన్ చాలదు. బోరు నీళ్లలో కుళ్లడానికి ఎక్కువగా అదే కారణమై ఉంటుంది. పోలిక డబ్బాలోనే గింజలు చస్తుంటే, పక్క డబ్బాలో చచ్చినవి ఉప్పుకి చచ్చాయో, మునిగి చచ్చాయో ఎవరు చెప్పగలరు?

మీ దగ్గరున్న సామాన్లతో ఇలా చేయించండి.

నీళ్లు అన్నింటికీ ఒకే చోటివి కావాలి. ఒకే ఆర్వో క్యాను నుంచి తీసుకుంటే మేలు. ఉప్పు కూడా ఒకే ప్యాకెట్‌ది. నౌపడ కళ్లుప్పు వాడాలనుకుంటే అభ్యంతరం లేదు గానీ, దానికి చెమ్మ ఎక్కువ. ఎండబెట్టకుండా తూస్తే ఆ బరువులో నీళ్లు కూడా ఉంటాయి.

20 గ్రాముల ఉప్పుని అరలీటరు నీళ్లలో పూర్తిగా కరిగించి, ఆ తర్వాత మొత్తం లీటరు గీతకి వచ్చేదాకా నీళ్లు పోయండి. ఇందులోంచి అరలీటరు తీసి, అంతే మంచినీళ్లు కలిపితే లీటరుకి 10 గ్రాముల ద్రావణం వస్తుంది. దాంట్లో సగానికి మళ్లీ అంతే నీళ్లు కలిపితే 5, మళ్లీ అలాగే చేస్తే 2.5. విడిగా 2.5 గ్రాములు తూయించకండి. మీ కాటాలో ఒక గ్రాము తప్పు వస్తే 2.5 మీద అది 40 శాతం, 20 మీద 5 శాతమే. పైగా మొదటి ద్రావణంలో కాస్త తప్పు పడ్డా, సగాలు జాగ్రత్తగా కొలిస్తే మిగతావన్నీ అదే నిష్పత్తిలో తప్పుతాయి, వాటి వరుస మాత్రం చెడదు. ఉప్పు వేయని అవే ఆర్వో నీళ్లు మీ కంట్రోల్.

డబ్బాలకి మూతలున్న ప్లాస్టిక్ పార్సిల్ డబ్బాలు చాలు, అన్నీ ఒకే సైజువి. అడుగున నాలుగు మడతల తెల్ల నూలుగుడ్డ పరచండి. కొత్త గుడ్డకి గంజి ఉంటుంది, దానికి బూజు పడుతుంది. అందుకని వేడినీళ్లలో ఉతికి ఆరబెట్టాకే వాడాలి. ఒక్కో డబ్బాలో సిరంజీతో 10 మిల్లీలీటర్లు పోస్తే గుడ్డ తడుస్తుంది, గింజలు మునగవు. ఒకటే సిరంజీ వాడితే ఉప్పులేని నీళ్లతో మొదలుపెట్టి 2.5, 5, 10, 20 వరుసలో పోయాలి. వెనక్కి వస్తే సిరంజీలో మిగిలిన చుక్కలు తక్కువ ఉప్పు డబ్బాలోకి పోతాయి.

గింజలు కిరాణా కొట్లో ఒకే సంచిలోవి తీసుకోండి. విత్తనాల కొట్లో రంగు పట్టించి అమ్మేవాటికి మందు కలిపి ఉంటుంది, అవి పిల్లల చేతికి ఇవ్వొద్దు. నీళ్లలో వేసి, తేలినవి, విరిగినవి ముందే ఏరేయాలి. ఆ ఏరివేత పంచడానికి ముందే అయిపోవాలి. డబ్బాల్లో వేశాక "ఇది బాగాలేదు" అని తీసేస్తే ప్రయోగం చెడినట్టే. మంచివన్నీ కలిపి, పేకముక్కలు పంచినట్టు డబ్బాకొకటి చొప్పున వేసుకుంటూ పోవాలి. ఒక్కో డబ్బాకి 20 గింజలు, ఒక్కో ఉప్పు మోతాదుకి మూడు డబ్బాలు. మొత్తం 15 డబ్బాలు, 300 గింజలు. మూడెందుకు అంటే, ఒక్క డబ్బాలో తేడా వస్తే అది ఉప్పుదో, ఆ డబ్బాదో తెలియదు.

మొలిచిందీ లేనిదీ ఎలా తేల్చాలో మొదటి రోజే కాగితం మీద రాయించండి. వేరు 2 మిల్లీమీటర్లు బయటికొస్తే మొలిచినట్టు. 24, 48, 72 గంటలకి లెక్క. ఈ గీత లేకపోతే ఒక పిల్లవాడికి పగిలిన గింజ కూడా మొలకే, ఇంకో పిల్లకి ఆకు కనిపిస్తేనే మొలక.

వంశధార పిల్ల (నరసన్నపేట):

పై జవాబు బాగుంది. ఒక్కటి కలుపుతా. మూడు రోజుల్లో గుడ్డ ఆరిపోతుంది కదా, రోజూ ఏ డబ్బాకి ఆ ద్రావణమే 5 మిల్లీలీటర్లు పోయించండి. 10 డబ్బాకి 10 ద్రావణం, 5 డబ్బాకి 5.

ఉద్దానం కొబ్బరి (కవిటి):

అమ్మా, అక్కడే దెబ్బ తింటారు. గుడ్డ ఆరినప్పుడు పోయేది నీళ్లే, ఉప్పు ఎక్కడికీ పోదు. 10 గ్రాముల ద్రావణంలో సగం నీళ్లు ఆవిరైతే మిగిలింది 20 గ్రాముల ద్రావణం. దాని మీద మళ్లీ ఉప్పునీళ్లు పోస్తే ఉప్పు పేరుకుపోతుంది. కంట్రోల్ డబ్బాలో మాత్రం ఏమీ పేరుకోదు. అంటే డబ్బా మీద "10" అని రాసుంటుంది, లోపల ఎంతుందో ఎవరికీ తెలియదు. మన తీరంలో ఉప్పు మళ్లు పండేదే ఈ పద్ధతి మీద కదా.

మూత బిగుతుగా ఉంటే మూడు రోజులకి 10 మిల్లీలీటర్లు సరిపోతాయి. రోజూ లెక్కపెట్టడానికి తీసినప్పుడు వచ్చే గాలి చాలు. అయినా అనుమానమైతే, మొదటి రోజు ప్రతి డబ్బానీ మూతతో సహా తూచి బరువు రాసుకోండి. ఎంత తగ్గితే అంత మంచినీళ్లు పోయండి, ఉప్పునీళ్లు కాదు. కంట్రోల్‌కి కూడా ఇదే లెక్క.

డబ్బాల చోటు కూడా చూసుకోవాలి. కంట్రోల్స్ మూడూ కిటికీ పక్కన, 20వి మూడూ గోడ మూల ఉంటే ఉప్పుతోపాటు వేడి కూడా మారినట్టే. రేకుల షెడ్డులో అయితే ఈ తేడా ఇంకా ఎక్కువ. 15 డబ్బాలూ ఒకే బల్ల మీద కలగలిపి పెట్టి, లెక్కపెట్టిన ప్రతిసారీ చోట్లు మార్చండి. డబ్బా మీద ఉప్పు మోతాదు రాయకుండా అ, ఆ, ఇ, ఈ అని అక్షరాలు వేసి, ఏ అక్షరం దేనిదో ఇంకొకరి నోట్‌బుక్‌లో ఉంచితే మరీ మంచిది. "ఇది ఉప్పు డబ్బా" అని తెలిస్తే 2 మిల్లీమీటర్ల దగ్గర కన్ను మొగ్గు చూపుతుంది. లెక్కపెట్టేవాళ్ల ఆశ కూడా కదపకుండా ఉంచాల్సిందే.

ఇంకొకటి. 72 గంటల తర్వాత 20 డబ్బాలో మొలవని గింజల్ని పారేయకండి. మంచినీళ్లలో మూడుసార్లు కడిగి, కొత్త తడిగుడ్డ మీద ఇంకో మూడు రోజులు పెట్టండి. అప్పుడు మొలిస్తే ఉప్పు వాటిని చంపలేదన్నమాట, చుట్టూ ఉప్పు ఎక్కువగా ఉండటం వల్ల గింజ కావలసినంత నీళ్లు లాగలేకపోయింది. అప్పటికీ మొలవకపోతే లోపల దెబ్బతిన్నాయని అనుకోవచ్చు. అలా అనాలన్నా దీనికీ ఒక పోలిక డబ్బా ఉండాలి. కంట్రోల్‌లో మొలవకుండా మిగిలినవాటిని కూడా అలాగే కడిగి పెట్టండి. పెసల్లో నీళ్లు పీల్చని గట్టి గింజలు కొన్ని ఉంటాయి. మంచినీళ్లలోనే మొలవని అలాంటివాటిని ఉప్పు ఖాతాలో వేయకూడదు.

ఉప్పు బదులు పంచదారతో అదే ద్రవాభిసరణ పీడనం (గింజ నీళ్లు లాగకుండా అడ్డుపడే బలం) తెచ్చి పోల్చవచ్చా అని పెద్ద తరగతివాళ్లు అడుగుతారు. వీలవుతుంది. 10 గ్రాముల ఉప్పుకి సమానం కావాలంటే లీటరుకి వంద గ్రాములకు పైగా పంచదార పట్టొచ్చు. కానీ పంచదార నీళ్లకి బూజు తొందరగా పడుతుంది. 8వ తరగతికి కడిగి చూసే పద్ధతే చాలు.

వంశధార పిల్ల:

నిజమే, ఉప్పు పేరుకోవడం నాకు తట్టలేదు. పైన రాసింది ఎవరూ పాటించొద్దు.

చంపావతి గట్టు:

చాలా ఉపకారం. ఇదే ప్రదర్శనకి ఇంకో జట్టు లోలకం చేస్తోంది. దాంట్లో కంట్రోల్ ఏదని అడిగితే నాకే జవాబు తోచలేదు. "గుండు బరువు మారితే డోలనకాలం (లోలకం ఒకసారి వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) మారుతుందా" అన్నది వాళ్ల ప్రశ్న. చిన్న సీసాకి దారం కట్టి, ఇసుక కొంచెం కొంచెంగా పోస్తూ చూశారు. కాలం కొద్దిగా మారుతోందట.

బొబ్బిలి తంత్రి (బొబ్బిలి):

లోలకానికి విడిగా కంట్రోల్ డబ్బా అక్కర్లేదు. "ఏమీ చేయని లోలకం" అంటూ ఒకటుండదు కదా. ఇక్కడ ఒక బరువుని ఇంకో బరువుతో పోలుస్తాం, కదపనివి కదపకుండా ఉంటే చాలు. కంట్రోల్ అనే పేరు చార్టులో ఉండి తీరాలని పిల్లల చేత ఏదో ఒకదానికి అంటించడం మంచిది కాదు.

కాలం మారడానికి కారణం ఆ సీసాయే. లోలకం పొడవు అంటే దారం పొడవు కాదు, వేలాడే చోటు నుంచి గుండు గరిమనాభి (బరువంతా అక్కడే ఉన్నట్టు లెక్కపెట్టే బిందువు) దాకా ఉన్న దూరం. సీసా అడుగున కొంచెం ఇసుక ఉంటే గరిమనాభి కిందికి ఉంటుంది. నిండేకొద్దీ పైకొస్తుంది. అంటే బరువు మారుస్తున్నామనుకుంటూ పొడవు కూడా మార్చేశారు. ఒక కొక్కేనికి ఇనప నట్లు ఒకదాని కింద ఒకటి తగిలించినా ఇదే తప్పు, ఈసారి పొడవు పెరుగుతుంది. ఒకే సైజు సీసాలు రెండు తీసుకుని, ఒకటి పూర్తిగా ఇసుకతో, ఒకటి పూర్తిగా నీళ్లతో నింపండి. గరిమనాభి దాదాపు ఒకే చోట ఉంటుంది, బరువు మాత్రం బాగా మారుతుంది.

పొడవు 1 మీటరు పెట్టండి, డోలనకాలం 2 సెకన్లకి దగ్గరగా వస్తుంది. ఒక్క ఊపు కొలవొద్దు. వాచీ నొక్కడంలో చేతి ఆలస్యం సెకనులో ఐదో వంతు దాకా ఉండొచ్చు, 2 సెకన్లలో అది పదో వంతు. 20 ఊపులు కొలిస్తే 40 సెకన్లలో అదే ఆలస్యం అర శాతం. వదిలే కోణం 10 డిగ్రీల లోపే ఉండాలి. 40 డిగ్రీల నుంచి వదిలితే కాలం సుమారు 3 శాతం పెరుగుతుంది, 20 ఊపులకి సెకను పైనే. ఒకసారి 10, ఒకసారి 40 డిగ్రీల నుంచి వదిలితే ఆ తేడాని పిల్లలు బరువు మీదికి నెడతారు. గోడకి కోణమానిని గీసిన అట్ట అంటిస్తే సరి.

నాగావళి ఒడ్డు:

పెసల చార్టు గురించి చివరిగా ఒకటి. మూడు డబ్బాల సగటు ఒక్కటే రాస్తే సరిపోదు, మూడు లెక్కలూ విడివిడిగా రాయించండి. ఉదాహరణకి కంట్రోల్‌లో 18, 19, 17 మొలిచి, 5 గ్రాముల డబ్బాల్లో 16, 18, 17 మొలిచాయనుకోండి. సగటులో తేడా ఉన్నట్టే ఉంటుంది గానీ, కంట్రోల్ డబ్బాల మధ్యే రెండు గింజల తేడా ఉంది. అందుకని 5 గ్రాముల దగ్గర ఉప్పు పనిచేసిందని రాయకూడదు, "ఈ లెక్కతో తేడా తేలలేదు" అని రాయాలి. అదే 10 దగ్గర 6, 9, 7 వస్తే అప్పుడు ధైర్యంగా చెప్పొచ్చు. ఇవి ఊరికే చూపించడానికి రాసిన అంకెలు, మీకు వచ్చేవి వేరుగా ఉంటాయి.

కంట్రోల్‌లోనే సగం గింజలు మొలవకపోతే ఆ పెసలు పాతవని లెక్క. వేరే సంచి తెచ్చి అన్ని డబ్బాలూ కొత్తగా మొదలుపెట్టాలి. కంట్రోల్ ఒక్కటీ మార్చి పాత ఉప్పు డబ్బాలతో పోల్చకండి. కుళ్లినవి, బూజు పట్టినవి లెక్కలోంచి తీసేయకుండా పక్కన ఇంకో గడి గీసి అందులో రాయించండి.