అప్పడాల వ్యాపారానికి ప్లాన్ ఎలా వేసుకోవాలి?

బరంపురం అప్పడాలక్క:

అందరికీ నమస్కారం. మాది బరంపురం. 11 ఏళ్లుగా మినప అప్పడాలు, ఆవకాయ చేసి అమ్ముతున్నాను. నాతో కలిపి అయిదుగురు ఆడవాళ్లం. ఎండ బాగా కాసిన రోజు తలా 4 కిలోలు ఒత్తుతాం, అంటే రోజుకి 20 కిలోలు.

మొన్న దసరాకి ఒక హోల్‌సేల్ దుకాణం వాళ్లు 300 కిలోలు అడిగారు. అంత పెద్ద బేరం ఎప్పుడూ రాలేదు, వెంటనే ఒప్పేసుకున్నాను. భాద్రపదమంతా ముసురే. మేడ మీద చాపలు పరవడం, చినుకు పడగానే పరుగెత్తుకెళ్లి తీయడం. నెల మొత్తంలో సరిగ్గా ఎండిన రోజులు 7. ఒక వాయి బూజు పట్టి పారబోశాను. 140 కిలోలు ఇచ్చి మిగతాదానికి చేతులు జోడించాను. వాళ్లు మళ్లీ ఫోను చెయ్యలేదు. డబ్బంతా ఆవకాయ జాడీల్లో ఉండిపోయి, మినప్పప్పు అరువుకి తెచ్చాను. ఇప్పటికీ 90 కిలోల ఆవకాయ మిగిలే ఉంది.

మా అమ్మాయి బీకాం చదువుతోంది. మేనేజ్‌మెంట్‌లో మొదటి పని ప్లానింగ్, మనుషుల్ని కూర్చుకోవడం, పని చేయించడం, సరిచూసుకోవడం అన్నీ ఆ తర్వాతేనని పుస్తకంలో ఉందట. "అమ్మా, నీ ప్లాన్ ఏది?" అంది. "ఈ ఏడు 2 టన్నులు అమ్మాలనుకున్నా కదే" అన్నాను. "అది కోరిక" అంది. ఆ మాట వారం రోజులుగా మనసులోంచి పోవడం లేదు. వానని, బేరాన్ని ముందే ఎవరు చెప్పగలరు? చెప్పలేనప్పుడు ప్లాన్ రాసుకుని ఏం లాభం? తెలిసినవాళ్లు చెప్పండి.

పర్లాకిమిడి మాస్టారు:

అమ్మా, 30 ఏళ్లు కామర్సు పాఠాలు చెప్పాను. మీ అమ్మాయి చెప్పిన ఆ వరుసకి మూలం హెన్రీ ఫయోల్. ఫ్రాన్సులో గని ఇంజనీరు. 1888లో దివాలా అంచున ఉన్న బొగ్గు, ఇనుము కంపెనీ పగ్గాలు పట్టుకుని నిలబెట్టాడు. 1916లో తన అనుభవాన్ని అచ్చువేసినప్పుడు అన్నిటికంటే ముందు ప్లానింగ్‌ని పెట్టాడు. దానికి ఆయన వాడిన ఫ్రెంచి మాటలో రాబోయేది అంచనా వేయడం, దానికి తగ్గ ఏర్పాటు చేసుకోవడం రెండూ ఇమిడి ఉన్నాయి. భాద్రపదంలో ఎండ తక్కువని మీకు తెలుసు, అంటే అంచనా మీ దగ్గర ఉంది. ఏర్పాటే జరగలేదు.

దసరా నుంచి వెనక్కి లెక్కపెట్టండి. 300 కిలోలకి 15 ఎండ రోజులు కావాలి. ముసురులో దొరికేవి 7. మిగిలిన 8 రోజుల పని, అంటే 160 కిలోలు, మృగశిర కార్తె రాకముందే ఒత్తి ఎండబెట్టి, గాలి చొరని డబ్బాల్లో పెట్టాలి. అందుకు చైత్రానికి పప్పు ఇంట్లో ఉండాలి. వరి మాగాణుల్లో వేసిన మినుము ఫిబ్రవరి, మార్చిలో ఎలాగూ చేతికొస్తుంది.

అసలు చిక్కు ఇక్కడుంది. మామిడికాయ కూడా ఏప్రిల్, మే నెలల్లోనే. కాయ, కారం, ఆవపిండి, నూనె అన్నీ ఒక్కసారే నగదుకి కొనాలి. రెండు సరుకులకీ మీ చేతిలో ఉన్నది ఒక్క డబ్బే. ఏది ఎంత అన్నది పోయినేడు తేల్చుకోలేదు, ముందు వచ్చిన ఆవకాయ మొత్తం తీసుకుంది. మిగిలిన 90 కిలోలని ఈ ఏడు పెట్టబోయే లెక్కలోంచి కొట్టేయండి. ఆ డబ్బు పప్పుకి మళ్లించండి.

ఛత్రపురం కిరాణా:

అక్కా, మాస్టారి లెక్క బాగుంది గానీ దసరా వారం దాకా సరుకు దగ్గర పెట్టుకోకండి. మన తీరానికి అక్టోబరు మంచి నెల కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. మరుసటేడు అదే తేదీన హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018లో అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర. ఫైలిన్‌కి మా గోడౌను రేకులు లేచిపోయాయి, నేల మీదున్న బస్తాలన్నీ నానిపోయాయి. అప్పటినుంచి సెప్టెంబరు 25 దాటితే నేల మీద బస్తా పెట్టను. మీరూ ఆ తేదీకి పంపేయండి. ఇంకోటి, బయానా లేకుండా 300 కిలోలు ఒప్పుకోవద్దు. మూడో వంతు ముందివ్వమనండి. ఇవ్వనంటే 140కే సరే అనండి.

పర్లాకిమిడి మాస్టారు:

తమ్ముడు చెప్పింది నిజం. మంచి ప్లాన్‌కి ఫయోల్ చెప్పిన నాలుగు గుణాల్లో అవసరాన్ని బట్టి వంగడం ఒకటి. ఆయన కంపెనీలో పదేళ్ల అంచనా, ఏడాది అంచనా రెండూ రాసి, మధ్యలో తిరగరాసేవారు. మీకు నెలకోసారి చాలు.

బరంపురం అప్పడాలక్క:

ఇద్దరికీ దండాలు. నిన్న రాత్రి అమ్మాయీ నేనూ గోడ కేలండర్ దించి సెప్టెంబరు 25 నుంచి వెనక్కి వచ్చాం. వైశాఖంలో ఒకామె కోడలికి పురుడుట, ఆమె రాదు. అప్పుడు నలుగురమే, రోజుకి 16 కిలోలు. 160 కిలోలకి 8 రోజులు కాదు, 10 కావాలి. ఇది ఇప్పుడే తెలియడం ఎంత మంచిదయిందో! ఆవకాయ 250 కిలోల నుంచి 160కి తగ్గిస్తున్నాను. మా అత్తగారు బాధపడ్డారు, ఆవిడ చేతి ఆవకాయతోనే ఈ వ్యాపారం మొదలైంది. పాతది ఉగాదిలోపు అమ్ముడుపోతే ఇంకో 30 కిలోలు పెడదామని చెప్పాను, ఒప్పుకున్నారు.

శనివారం కొత్త మినుము చూడడానికి పలాస వెళ్తున్నాను. తేమగా ఉంటే ఎన్నాళ్లు ఎండబెట్టి విసరాలో తెలిసినవాళ్లు ఆలోపు చెప్పండి.