వాకీటాకీలో సగం మాట పోతోంది, కొత్త వాలంటీర్లకు ఎలా నేర్పాలి?

గోదారిగట్టు: నమస్కారం అండి. పొద్దున 9 నుంచి ఇదే పని, తల తిరిగిపోతోంది. 2027 గోదావరి పుష్కరాల కోసం మా సేవా బృందంలో కొత్తగా చేరిన 12 మందికి వాకీటాకీ నేర్పుతున్నాను. నొక్కి మాట్లాడండి, వదిలి వినండి అని చెప్పాను. ఇందులో ఇంకేం ఉంటుంది? అయినా ఒకరు "అరవై మంది" అంటే అవతలివాళ్ళు "ఇరవై" అని రాసుకుంటున్నారు. పైగా చెవులు చిల్లులు పడేలా కీచుమని కూత. సెట్లు కొత్తవి, చార్జింగ్ ఫుల్. మార్చేయాలా?

పాత హామ్: ఏ సెట్టో, ఏ ఫ్రీక్వెన్సీయో రాయలేదు. ముందు లైసెన్స్ సంగతి చూసుకోండి. మన దేశంలో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ పవర్ సెట్లకు 2018 నుంచి లైసెన్స్ అక్కర్లేదు. చవగ్గా దొరికే సెట్లు చాలావరకు ఆ హద్దు దాటి పంపగలవు. హామ్ ఫ్రీక్వెన్సీలు, అంటే అభిరుచి కొద్దీ రేడియో నడిపే నాలాంటివాళ్ళవి, అసలు ముట్టుకోవద్దు, వాటికి పరీక్ష రాసి సొంత గుర్తింపు పేరు, అంటే కాల్‌సైన్ తెచ్చుకోవాలి. 2014లో హుద్‌హుద్ వచ్చి విశాఖలో ఫోన్లు మూగబోయినప్పుడు అక్కరకొచ్చినవాటిలో ఆ ఫ్రీక్వెన్సీలు కూడా ఉన్నాయి. వాటిని ఖాళీగా ఉంచాలి.

కంచర: ఎక్కడ నేర్పుతున్నారు?

గోదారిగట్టు: కల్యాణ మండపం హాల్లో, అందరూ పక్కపక్కనే కూర్చున్నారు. అదీ చెప్పాలా?

కంచర: కూత దానికే. ఒకరి స్పీకర్ శబ్దం ఇంకొకరి మైకులో దూరుతోంది. బయటికి పంపండి.

రేవు అక్క: తమ్ముడూ, సెట్లు మార్చకు. ఒకసారి వాళ్ళ బొటనవేలు చూడు. నొక్కడం, నోరు తెరవడం రెండూ ఒకేసారి చేస్తుంటారు. సెట్ అందుకునేలోపే మొదటి అక్షరం పోతుంది. అరవైలో "అ", ఇరవైలో "ఇ" పోతే రెండూ "రవై"యే కదా. నొక్కాక ఒక్క క్షణం ఆగి, మైకు నోటికి రెండు మూడు అంగుళాల దూరంలో పెట్టి మాట్లాడమను. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే ఆపెయ్యి. వినే సెట్ మధ్యమధ్య కునుకు తీస్తుంది, అది లేచేసరికి మాట మొదలైపోతుంది. అంకెలు విడివిడిగా చెప్పించు: "ఆరు, సున్నా". విన్నవాళ్ళు తిరిగి చెప్పాలి.

ఇంకోటి, నాకు బాగా భయం వేసేది. మన భాషలో కాదనే మాట చివర్లో ఉంటుంది. చివరి అక్షరం నోట్లో ఉండగానే వేలు తీసేస్తే "పంపొద్దు"లో "పంపు" ఒక్కటే చేరుతుంది. "పంపకండి"లో ఒక్క "క" గాలికి పోతే "పంపండి" అయిపోతుంది. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కర ఘాట్లో తొక్కిసలాట జరిగింది, అందరికీ గుర్తే. గేటు దగ్గర ఆ రెండు మాటలూ వాడనివ్వకు. "ఆపండి, ఆపండి" అనే చెప్పించు.

పాత హామ్: అక్క చెప్పింది నిజం. కానీ "ఓవర్ అండ్ అవుట్" అనడం కూడా మాన్పించండి. ఓవర్ అంటే జవాబు చెప్పమని, అవుట్ అంటే మాటలు అయిపోయాయని. రెండూ కలిపి ఎలా అంటారు? రోజర్ అంటే విన్నానని మాత్రమే, చేస్తానని కాదు. చేస్తాననడానికి విల్కో.

మండల వాలంటీర్: పదో తరగతి పిల్లలకు విల్కో ఎందుకండీ? "విన్నాను", "చేస్తాను" చాలవా?

పాత హామ్: రేపు వేరే ఊరి బృందాలతో కలిసి పనిచేయాల్సి వస్తే?

మండల వాలంటీర్: వాళ్ళూ తెలుగువాళ్ళే కదండీ.

రేవు అక్క: ఏ మాటైనా ఒకటే పెట్టుకోండి, అందరూ అదే వాడండి. పిలిచేటప్పుడు మాత్రం ముందు అవతలివాళ్ళ పేరు, తర్వాత మన పేరు: "మూడో గేటు, ఇది కంట్రోల్".

గోదారిగట్టు: అందరినీ గట్టు మీదికి తీసుకెళ్ళి దూరం దూరంగా నిలబెట్టాను, కూత ఆగింది. ఇరవై, అరవై రేపు చూస్తాం. థాంక్స్ అక్కా.

పాత హామ్: సెట్ మోడల్ ఇంకా చెప్పలేదు.